సుంకం ఇంటి సముద్రపు గోడ

మైలోడు ఇసుకను నాకుతున్నాడు.

నాగవేణమ్మ ముందు పట్టించుకోలేదు. సున్నం గానుగ ఆపి, ఎద్దులను విప్పి నీడకు కట్టి, నీళ్లకని బిందె ఎత్తుకుంది. తిరిగి చూసేసరికి మైలోడు పలుపు తెగేట్టు లాగి, టార్పాలిన్ కింద మూతి దూర్చి, తవుడు దొరికినట్టు కుప్పను నాకుతున్నాడు. పక్కన రెండో ఎద్దు కర్రోడు కూడా మెడ చాస్తున్నాడు.

ఆమె బిందె కింద పెట్టింది.

తమిళనాడు ధర్మపురి జిల్లా మొరప్పూర్ పక్కన పల్లెలో ఆమె ఇంట్లో నాలుగు తరాలుగా పశువులే బతుకు. వారానికి రెండుసార్లు కల్లుప్పు అరచేతిలో పోసి ఎద్దులకు నాకించడం ఆమె అలవాటు. ఈ ముత్తుత్తురై రేవుకు లారీలో ఎద్దులను తెచ్చినప్పుడు ఉప్పు మూట ఒక్కటీ ఇంట్లోనే వదిలేసింది. సముద్రం పక్కన ఉప్పుకు కరువా అనుకుంది. వచ్చాక పనిలో పడి, రేపు కొందాం ఎల్లుండి కొందాం అంటూ ఇరవై రోజులు గడిపేసింది. ఎద్దులు ఉప్పుకు మొహం వాచి ఉన్నాయి.

అయినా పాత ఇసుక కుప్ప పక్కన పది రోజులు కట్టేసినప్పుడు రెండూ దాని వాసన కూడా చూడలేదు. ఇది పోయిన వారం వచ్చిన కొత్త కుప్ప.

నాగవేణమ్మ మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి ఇసుక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"పాపా! దిగిరా!"

పరంజా మీద నుంచి మోహనప్రియ తొంగి చూసింది. ఈ పని మీద ఇంజనీరు ఆమే. తల్లిని, ఎద్దులను పిలిపించిందీ ఆమే. పాత గోడకు సిమెంటు పనికిరాదు, గానుగ సున్నమే కావాలి. గానుగ తిప్పే ఎద్దులు ఈ తీరంలో ఎక్కడా దొరకలేదు.

"అమ్మా, మూడు గంటలకి ఆఫీసరమ్మ వస్తాది. ఇప్పుడే పదకొండయింది. ఎద్దుకేమయినాది?"

"ఎద్దు బాగానే ఉండాది. నీ ఇసుకే బాగలేదు. దిగమంటే దిగు."

మోహనప్రియ దిగి వచ్చి నవ్వేసింది. "ఇక్కడ గాలే ఉప్పు కదమ్మా."

"గాలి కుప్ప లోపలికి మోచేతి దాకా పోతుందా పాపా?"

కూతురి నవ్వు ఆగిపోయింది. గదిలోకి పరిగెత్తి పరీక్ష పెట్టె తెచ్చింది. గ్లాసు మంచినీళ్లలో ఇసుక కలిపి, తేరిన నీళ్లలో సీసా మందు రెండు చుక్కలు వేసింది. నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి. సముద్రపు ఇసుక.

మొదటి లారీ ఇసుకను పరీక్షించింది, బాగుంది. రెండో లారీ వచ్చిన రోజు ఆమె చెన్నైలో ఉంది. ఆ ఇసుకతోనే సముద్రం వైపు గోడంతా పూశారు. ఉప్పు చెమ్మను లాగుతుంది, పొంగుతుంది, పూతను పగలగొడుతుంది. రెండు వానాకాలాలు చాలు, లోపలి ఇటుక కూడా పొడి అవుతుంది.

ఓడలు దిగిన సరుకు మీద సుంకం కట్టించుకున్న ఇల్లు అది. రెండు వందల ఏళ్లు దాటింది. పోయిన తుపానుకి గోడ పగిలాక, ప్రమాదమని కూల్చడానికి నోటీసు అంటించారు. ఈ రోజులోగా గోడ బాగుపడిందని ఇంజనీరు సంతకం పెట్టి, ఆఫీసరు తెన్మొళి ఒప్పుకుంటే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే కూల్చే మిషను వస్తుంది.

మోహనప్రియ పెద్ద మేస్త్రి కరుప్పన్‌ని పిలిచింది. అరవై ఏళ్ల మనిషి, ఈ ఊరివాడే. గ్లాసు చూడగానే తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏటి ఇసుక లారీ పన్నెండు రోజులు రాలేదమ్మా," అన్నాడు తమిళంలో. "పర్మిట్ లేదన్నారు. పని ఆగితే మిషను వస్తుంది. మా నాయన ఈ ఇంట్లో బడి నడిచినప్పుడు చదువుకున్నాడు, నేనూ చదువుకున్నాను. ఇల్లు కళ్ల ముందు పడిపోతుంటే... తీరం నుంచి తెప్పించేసినాను. మంచినీళ్లతో కడిగించాను కూడా."

"ఇక్కడ బోరు నీళ్లే ఉప్పన," అంది నాగవేణమ్మ. "ఏ మంచినీళ్లు తమ్ముడూ?"



మోహనప్రియ తల్లిని పక్కకు తీసుకుపోయింది. గొంతు తగ్గించింది. "అమ్మా, ఇప్పుడు సంతకం పెడితే ఇల్లు నిలుస్తాది. పూత ఊడితే రెండేళ్ల తర్వాత మళ్లీ చూసుకోవచ్చు. పెట్టకుంటే రేపే పోతాది. ఏం చేసేది?"

"నన్నడిగితే? నాకు సంతకమే రాదు, వేలిముద్ర." నాగవేణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒకటి చెప్తా. జబ్బు దూడను సంతలో ఎవరికీ అంటగట్టలేదు నేను. కొన్నోళ్లు మళ్లీ మొహం చూడరని."

మూడు గంటలకు తెన్మొళి జీపు ఆగింది. గోడ నున్నగా, తెల్లగా మెరుస్తోంది. ఆమె అరచేత్తో తడిమి "ప్రమాదం" అంది, తమిళంలో బ్రహ్మాండం అని అర్థం. కాగితం తీసింది.

"మేడం, సంతకం పెట్టలేను," అంది మోహనప్రియ. గ్లాసు ముందుకు చాపి అంతా చెప్పింది. కరుప్పన్ పేరు మాత్రం చెప్పలేదు.

ఆ మాటకు కరుప్పనే ముందుకు వచ్చాడు. "నేను తెప్పించినాను మేడం."

తెన్మొళి మోహనప్రియ వైపు తిరిగింది. "నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు."

"తెలుసు మేడం."

"గడువు మొత్తం పొడిగించే అధికారం నాకు లేదు. ఈ ఒక్క గోడకి పదిహేను రోజులు రాయగలను. వెనక వరండా మీద పెట్టాల్సిన కూలీలందర్నీ దీని మీదికి తేవాలి. అంటే వరండా గడువు దాటి, దాన్ని కూల్చేస్తారు. ఒప్పుకుంటావా?"

వరండా చెక్క స్తంభాల మీద లతలు చెక్కి ఉన్నాయి. మోహనప్రియ నెల రోజులుగా వాటి బొమ్మలు గీసుకుంటోంది. కళ్లు మూసి తెరిచింది. "ఒప్పుకుంటాను."

"మరి ఇసుక?"

నాగవేణమ్మ అప్పటికే ఫోనులో ఉంది. "ఒరేయ్ మంజునాథా, పాలకోడు నుంచి ఈ పక్కకి మీ టమాటా లారీలు వస్తాయి కదా. రేపటి నుంచి రెండు లారీల్లో రాతి క్రషర్ ఇసుక ఎక్కించు. కడిగిందే కావాలి. మన ఊరి తియ్యనీళ్లతో కడగమను... టమాటాలా? ఇంకో లారీలో వేసుకోరా, మేనత్త చెప్తాంటే!"

జీపు వెళ్లిపోయింది. కరుప్పన్ సంచీ సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అంది నాగవేణమ్మ.

"నన్ను ఇంక ఉంచుకుంటారా అక్కా?"

ఆమె కూతురి వైపు చూసింది. మోహనప్రియ సుత్తి, ఉలి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఈ గోడ ఎక్కడ బలహీనమో మీకంటే తెలిసినోళ్లు లేరు పెద్దాయనా. పదిహేను రోజులే ఉండాయి."

కరుప్పన్ పరంజా ఎక్కాడు. తను అందరికంటే నున్నగా పూసిన చోటే ఉలి ఆనించాడు. ఒక దెబ్బ కొట్టాడు. తెల్లటి పెచ్చు పళ్లెమంత ఊడి కింద పడింది. రెండో దెబ్బ ఇంకా గట్టిగా వేశాడు.

"మెల్లగా తమ్ముడూ," కింద నుంచి నాగవేణమ్మ కేకేసింది. "పైది ఎట్లా పోయినా పర్వాలేదు. లోపలి ఇటుక మీద పడనియ్యొద్దు దెబ్బ."