తివాచీ వెనక గోడ

బెగిమైకి అన్నిటికన్నా పెద్ద భయం, తన చేతికి ఏ పనీ రాదన్న సంగతి కూతురికి కూడా తెలిసిపోతుందేమోనని. కూతురికింకా పది నెలలే. తెలియడానికి వ్యవధి ఉందిలే అని రోజూ తనకు తనే సర్దిచెప్పుకుంటుంది.

నౌరూజ్ పండగ వారంలో ఉందనగా, కొత్త వాల్‌పేపర్ అంటించాలని గోడ మీది పాత తివాచీని దించారు. దాని వెనక పదిహేడు స్క్రూ కన్నాలు. "నువ్వు ముట్టుకోకు, ఆదివారం మేస్త్రీని తెస్తాను," అన్నాడు భర్త సమత్. వాల్‌పేపర్ మాటెత్తినప్పుడల్లా చలికాలమంతా అతను చెప్పింది ఆ ఆదివారమే. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో నర్సింగ్ రెండో ఏడాదిలో ఉండగా పెళ్లయింది. "కోడలికి టీ పోయడం వస్తే చాలదూ?" అంది అత్తగారు. చదువు అక్కడితో సరి. తీరా కాపురానికి వచ్చిన వారానికే కంగారులో చుట్టాలకి గిన్నె నిండా టీ పోసింది. అక్కడ మర్యాదంటే సగానికి తక్కువ పోసి, మళ్లీ మళ్లీ పొయ్యాలి; నిండు గిన్నె ఇస్తే తాగి లేచి వెళ్లమన్నట్టు. మూడేళ్లయినా ఆ చుట్టాలు గుమ్మంలోనే అడుగుతారు, "ఈ పూటకి ఉండనిస్తావా, పంపేస్తావా?" అని. తనూ నవ్వుతుంది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

మంగళవారం సమత్ బజారులోని బూట్ల కొట్టుకి వెళ్లగానే, బెగిమై తనే జిప్సం పొడి తెచ్చి పెద్ద బేసిన్‌లో కలిపింది. రొట్టెపిండి కలిపిన అలవాటున గుడ్డ కప్పి, కాసేపు నాననీ అని పిల్లకి బట్టలు మార్చడానికి వెళ్లింది. వచ్చేసరికి రాయి.

అత్తగారు గరిటెతో కొట్టి చూసింది. ఠంగుమంది. "ఇది పొంగాక ముక్కలు కోసి బోర్సోకులు వేయిస్తావా అమ్మా, ముందే చెప్పు, నాకున్నవి నాలుగు పళ్లు."

ఆ చప్పుడుకి పై అంతస్తు రాయా అక్క దిగివచ్చింది. ముప్పై ఏళ్లు ఇళ్లకి ప్లాస్టరింగ్ చేసిన మనిషి. బేసిన్ చూసింది, నవ్వలేదు.

"టీ ఎలా పోస్తావే?"

"కొంచెం కొంచెం, అక్కా."

"ఇదీ అంతే. సగం గిన్నె కలుపు, అయ్యాక మళ్లీ సగం. ఇది ఆగదు, నువ్వే దీని వెంట పరిగెత్తాలి."

ముందు కన్నాల్లోని చెక్క బిరడాలు తియ్యాలి. ఒక్కోదానిలో స్క్రూ సగం బిగించి పట్టకారుతో లాగితే, ముప్పై ఏళ్ల చెక్క కిర్రుమంటూ ఊడివచ్చింది. దుమ్ము ఊదేసి, కన్నాన్ని తడిపి, ముద్దను లోపలికంటా నొక్కి, కాస్త ఉబ్బుగా వదిలి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. మొదటి మూడూ పిల్ల గీసిన బొమ్మల్లా వచ్చాయి, గీకేసి మళ్లీ నింపింది. నాలుగోది కుదిరింది. ఐదోదానికి చెయ్యి తనంతట తనే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఇన్నాళ్లూ ఈ చేతినేనా అందరూ ఆడిపోసుకున్నది? పదిహేడోది అయిపోతుంటే ఇంకో నాలుగుంటే బాగుండుననిపించింది. లోపల ఎక్కడో పాట లాంటిది మొదలైంది.

సాయంత్రం అత్తగారు గోడని అరచేత్తో అటూ ఇటూ తడిమింది. "కన్నాలేవే?"

"అవే, అత్తయ్యా. మీ చేతి కింద."

"సోమవారం ఒక బడిలో పని ఒప్పుకున్నాను," అంది రాయా అక్క, టీ గిన్నె అందుకుంటూ. "నాకో మనిషి కావాలి. ఈ పిల్లనిస్తారా?"

సమత్ బూట్లు విప్పుతూ ఆగిపోయాడు. "బాగానే ఉంది. మరి పాపని ఎవరు చూస్తారు?"

నిన్నటిదాకా అయితే బెగిమై, అవును కదా, అని తల దించుకునేది.

"మీరే. సోమవారం బజారుకి సెలవు కదా."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపే చూస్తూ, "నాకు సోమవారం మోకాళ్ల నొప్పిరా," అంది.

సోమవారం పదకొండింటికి మీరు ఆ వీధిన వెళ్తుంటే, నాలుగో అంతస్తులో ఎడమచేతి తలుపు ఒక్కసారి తట్టి, సమత్ ఎలా ఉన్నాడో కాస్త చూసి రండి. పాపతో ఒంటరిగా ఉండడం అతనికిదే మొదటిసారి.