గీత లోపలే

మా ఆయనకు గీతలంటే మహా ప్రాణం. నూనె సీసాకు గీత, పప్పు డబ్బాకు గీత. నేనెంత వాడానో రోజూ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాడు. అలాంటి మనిషిని ఇంజినీరును చేసి ప్రభుత్వం చేతికి రోడ్లిచ్చింది. చీమకుర్తి క్వారీ రోడ్డంచున సైకిళ్ల కోసం నాలుగడుగుల మేర పచ్చరంగు పూయించి, పక్కన తెల్లగీత కొట్టించాడు. "గీత లోపలున్న వాడికి ఇక ఢోకా లేదు" అన్నాడు.

రంగు ఆరలేదు. ఆ సాయంత్రమే గ్రానైటు లారీ ఒకటి గీత దాటొచ్చి, సైకిలు మీద పోతున్న బుడే అనే రాళ్ల పాలిష్ కూలీని తొక్కేసింది. "సైకిలు గీత బయట ఉంది" అని మా ఆయన రిపోర్టు రాశాడు. అంటే తప్పు చచ్చినవాడిదన్నమాట.

మూడోరోజు పొద్దున రాళ్లు కోసే కటింగ్ యూనిట్లన్నీ ఆగిపోయాయి. రెండొందల మంది కూలీలు ఆ రోడ్డు మీదే ఉన్న మా ఇంటి గేటు ముందుకొచ్చారు. పోలీసులు కూడా అడగని ఆ వంకర సైకిల్ని బుడే చెల్లెలు నస్రత్ తెచ్చి మా వరండాలో పడేసింది. రెండు టైర్లకూ పచ్చరంగు.

"మా అన్న బయటుంటే ఈ రంగెట్టా అంటింది సారూ? గాల్లో ఎగిరొచ్చిందా?"

"అది... టెక్నికల్ విషయమమ్మా."

రాళ్లు కోసే అంకయ్య ముందుకొచ్చాడు. "అయితే నువ్వే సైకిలెక్కు సారూ. క్వారీ దాకా నీ గీత లోపలే తొక్కు. తిరిగొచ్చావా, నోరు మూసుకుని పనికి పోతాం."

"నాకు సైకిలేదయ్యా?"

ఆయన కాలేజీ నాటి సైకిల్ని పెరట్లోంచి తోసుకొచ్చాను. "పొద్దున్నే గాలి కొట్టి ఉంచానండీ." ఆయన చూసిన చూపుకు లోపల పొయ్యి మీద పప్పు మాడి ఉంటుంది.

వంద గజాలు పోయాడో లేదో, లారీ ఒకటి గీతెక్కింది. హారన్‌కే మా ఆయన పక్క కాలవలో పడ్డాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

"పడింది గీత లోపలా బయటా సారూ?" అంది నస్రత్. అందరూ నవ్వారు. ఆ నవ్వులో జాలి లేదు.

"రంగుకాగని లారీ రాయికాగుద్ది. మోయండ్రా!" అని అంకయ్య అరిచాడు. యూనిట్ల వెనక పారేసిన గ్రానైటు ముక్కల్ని మోసుకొచ్చి గీత పొడవునా పేర్చారు. నేనూ ఒకటి మోశాను. నడుము ఇంకా లాగుతోంది.

ఎస్సై జీపు దిగాడు. "రోడ్డు మీద రాళ్లు పెట్టిందెవడ్రా?"

"నేను," అంది నస్రత్. "నేను," అన్నాడు అంకయ్య. నేను, నేను అంటూ లైనంతా పలికింది.

ఎస్సై అంకయ్య కాలరు పట్టుకున్నాడు. "ఇంజినీరు గారూ, కంప్లయింటు రాసివ్వండి. మొన్న బుడే మీద రాసినట్టే."

కాలవ గట్టున కూలబడ్డ మా ఆయన బురద కారుతూ లేచాడు. ఎస్సై చాచిన పెన్ను అందుకోలేదు. "గీత లారీని ఆపదండీ. బుడే లోపలే ఉన్నాడు. నేనే..." మిగతాది హారన్ల మోతలో కలిసిపోయింది.

"వినపడలా," అంది నస్రత్. "మా అన్నకు వినపడేట్టు చెప్పు."

వాళ్లు పేర్చిన రాయి మీదికెక్కాడాయన. గొంతు చించుకుని అరిచాడు.

"తప్పు రాసింది నేనే!"