బావ ఒంట్లో ఉప్పు

మా బావ రాజనర్సు దుప్పటి అంచును పట్టి లాగుతున్నాడు. తెగిన పోగుకు ముడి వేసినట్టు వేస్తున్నాడు. వేసి, విప్పి, మళ్లీ వేస్తున్నాడు.

"సాంచె ఆపుండ్రిరా. దారం తెగింది," అన్నాడు.

గదిలో సాంచె లేదు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. బావ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానా మూతపడింది. మేం పనికోసం వలసొచ్చిన ఉన్ అనే పేటలో మా గల్లీ పొద్దంతా తలుపులు మూసుకునే ఉంటోంది.

జబ్బు కొత్తది కాదు. ఏళ్ల తరబడి మగ్గాల దగ్గర దారాల నూగు పీల్చి, బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈమధ్య దగ్గు పెరిగింది. కూర్చున్నా ఆయాసమే.

మా అక్క ఊర్మిళ స్టవ్ ఆర్పడం లేదు. కరోనా రాకుండా గల్లీ అంతా వేడినీళ్లు తాగుతోంది. అక్క వాము వేసి కాచి, బావ వద్దన్నా చెంబు మూతి దగ్గర పెట్టేది. ఒకప్పుడు బావ కాళ్లు వాస్తే డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు. అక్క పూర్తిగా మానిపించింది. చప్పటి మొక్కజొన్న గటుక, దాని మీద చెంబుల కొద్దీ నీళ్లు.

బావ లేచి చెప్పుల కోసం వెతికాడు.

"ఎటు వోతున్నవ్?" అంది అక్క.

"డ్యూటీకి. నువ్వెవరమ్మా? జర పక్కకు జరుగు."

అక్క చేతిలో చెంబు ఒలికింది.

"దవాఖానకు పోదమక్కా," అన్నాను.

"గా కరోనా వార్డుల ఏస్తరు తమ్మీ. మల్ల మొఖం సూడనిస్తరా? మన గల్లీ సోమలింగం సచ్చిపోతె ఆయన పెండ్లానికి సూపిచ్చిండ్రా?"

"ఈడ ఉంచుకుంటె నిన్ను గుర్తువడ్తడా మరి?"

బావ తలుపును బయటికి తోస్తున్నాడు. లోపలికి లాగాల్సిన తలుపు అది. అక్క కాసేపు చూసింది. తర్వాత తనే తెరిచింది.

సచిన్ అనే ఊరి దగ్గర ఒక దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. పరీక్షలో కరోనా లేదని తేలింది. డాక్టర్ హిందీలో చెప్పాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది, రక్తంలో సోడియం, అంటే ఉప్పు, బాగా పడిపోయింది. ఆ జబ్బులో ఒళ్లు నీళ్లను సరిగా బయటికి వదలదు. పైనుంచి తాగినవి రక్తాన్ని ఇంకా పలచన చేశాయి. మతి తప్పింది అందుకే.

అక్క నా చొక్కా పట్టుకుంది. "ఉప్పు ప్యాకెట్ తేపో తమ్మీ. కలిపి తాపుత."

"డాక్టర్ వద్దంటుండు. ఒక్కసారే పెంచితె మెదడుకు దెబ్బంట. ఆళ్లే మెల్లగ ఎక్కిస్తరు. నీళ్లు మాత్రం మనం ఇయ్యొద్దు. ఎన్ని ఇయ్యాల్నో ఆళ్లే ఇస్తరు."

"నీళ్లా?" అంది అక్క.

ఆ సాయంత్రమంతా బావ నీళ్లు అడుగుతూనే ఉన్నాడు. అక్క కూర్చుంటుంది, లేస్తుంది, కిటికీ దాకా పోయి వస్తుంది. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే బావ దాన్ని పళ్లతో పట్టి పీల్చబోయాడు. అక్క లాగేసుకుంది.

పక్క మంచం ఆవిడ చూడలేకపోయింది. "పిలా దో బెన్, బిచారా," పాపం తాగించమంటూ నీళ్ల సీసా అందించింది.

అక్క తీసుకుంది. మూత మీద చెయ్యి వేసింది. నేను లేచి నిలబడ్డాను. అక్క సీసా ఆవిడకే ఇచ్చేసి, వరండాలోకి పోయింది.

మరునాడు మధ్యాహ్నం బావ కళ్లు తెరిచి చాలాసేపు అక్కనే చూశాడు.

"ఊర్మిళా," అన్నాడు. "ఇంట్ల వద్దన్నకొద్ది తాపితివి. ఇప్పుడు అడుక్కుంటున్నా ఇయ్యవు. గింత పిసినిగొట్టువైతివేందే?"

అక్క నా వైపు తిరిగింది. "నన్నే తమ్మీ. నన్నే తిడ్తుండు."

బావ చెయ్యి చాపాడు. "నీళ్లు."

"ఇయ్యను," అంది అక్క.