ఎనిమిది ఇళ్ల లెక్కల మిషను

నెల మొదటి శనివారం గ్రేసు ఇంట్లో సాయంత్రం వంట తొందరగా అయిపోవాల్సిందే. స్టవ్వు ఆర్పి, గిన్నెల మీద మూతలు పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె గడప దగ్గర వెలుతురులో కూర్చునేది. ఒళ్లో పీట, పీట మీద స్త్రీల సమాజం వాళ్లిచ్చిన లెక్కల కాగితం. దాని నిండా గళ్లు: బియ్యం, కిరసనాయిలు, పాలు, బాడుగ, బస్సు, మందులు, కానుక, ఇతరాలు, అన్నింటికీ అడుగున మిగులు. ఆ మిగులు గడి దగ్గరకొచ్చేసరికి కాడుగోడి ఊళ్లో ఆడవాళ్లలో సగం మందికి నవ్వొచ్చేది. గ్రేసు మాత్రం అక్కడ ముప్పయ్యో నలభయ్యో రాసేది.

ఈ కాగితాలు శాంతమ్మ టీచరు చలవ. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, చర్చి హాల్లో ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లను పోగేసి ఇంటి పద్దు రాయడం నేర్పింది. సిటీలో చిక్కపేట అంగళ్లకు వెళ్లి తొంభై ఐదు రూపాయలు పోసి ఒక చిన్న లెక్కల మిషను కూడా కొనింది. చేతి రుమాల్లో చుట్టుకుని ఇంటికి మూడు రోజులు చొప్పున అది తిరిగేది. ముందు చేత్తో కూడాలి, తర్వాత మిషనుతో సరిచూసుకోవాలి. అదీ ఆమె పెట్టిన నియమం.

ఆ మిషనుకు ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరన్నా నోరు కట్టుకుని ఏదన్నా మానుకుంటే, ఆ మానుకున్నదాన్ని కూడా ఖర్చులో కలిపి చూపించేది. సొన్నమ్మ ఇంట్లో తొమ్మిది రూపాయలు ఎక్కువ చూపించింది. ఆరా తీస్తే, ఆమె మొగుడు వర్తూరు నుంచి రోజూ నడిచొచ్చి బస్సు డబ్బులు మిగిలిస్తున్నాడు. సొన్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మర్నాటికి ఊరంతా తెలిసింది. ఆయన బస్సెక్కడం మొదలుపెట్టాక లెక్క సరిపోయింది. తన్నే ఆవుకు కాళ్లు కట్టి పాలు పితుక్కున్నట్టు, అందరూ ఆ మిషను తీరుకు అలవాటుపడిపోయారు.

ఏప్రిల్లో గ్రేసు చేత్తో కూడితే ఐదు వందల ఇరవై నాలుగు వచ్చింది. మిషను ఐదు వందల ముప్పై ఎనిమిది అంది. పద్నాలుగు రూపాయలు తేడా.

ఆ ఏడు గ్రేసుకు ప్రతి రూపాయీ కొండంత. పెళ్లితో ఆగిపోయిన టీచరు ట్రైనింగు మళ్లీ చదవాలని ఆమె కోరిక. జూన్ పదిహేనులోగా నాలుగు వందలు ఫీజు కట్టాలి, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. డబ్బాలో మూడు వందల ముప్పై చేరాయి. ఇంకో రెండు నెలలు ఇట్లాగే మిగిలితే గండం గట్టెక్కినట్టే.

పద్నాలుగు ఎక్కడిదా అని వేళ్లు మడిచి లెక్కేసుకుంటే ఆమెకు ఒకటే తోచింది. పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయడం ఆ ఇంటి ఆచారం. నెలకు నాలుగు కిలోలవుతాయి, కిలో మూడున్నర. సరిగ్గా పద్నాలుగు. దేవుడికిచ్చినదాన్ని కూడా మానుకున్నదాంట్లో వేస్తుందా ఈ మిషను అని ఒళ్లు మండింది. అయినా చూద్దామని, తప్పు చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి, దేవుడి కుండలో బియ్యాన్ని తిరిగి ఇంటి డబ్బాలో పోసి మళ్లీ కూడింది. అదే పద్నాలుగు. గ్రేసు సిగ్గుతో చచ్చిపోయి, కుండలో రెండింతలు పోసి, పైన ఇంకో గుప్పెడు వేసి, మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

అప్పుడే ఆమె మొగుడు యోహాను పని నుంచి సైకిలు మీద వచ్చాడు. టైర్ల గోడౌనులో గుమాస్తా.

"నువ్వేమన్నా మానేసినావా?" అని అడిగింది గ్రేసు.

"నేనా? బీడీలు మానాలనుకుంటిని. అనుకున్నా, అంతే," అన్నాడాయన నిజాయితీగా.

ఇక మిగిలింది అత్త సారమ్మ. ఆవిడ బయటి మెట్టు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తోంది. కొన్నాళ్లుగా ఆవిడ మెట్టెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం గ్రేసు చూస్తూనే ఉంది. వయసు అనుకుంది. రక్తపోటు మాత్రలు ఇక వద్దని డాక్టరు అన్నాడని పోయిన నెల అత్త చెప్తే నమ్మింది. ఇప్పుడు దగ్గరకెళ్లి చూస్తే పాదాలు ఉబ్బి, చెప్పుల వార్లు దిగబడి ఉన్నాయి.

"అత్తా, రక్తపోటు మాత్రలు ఆపేయమని డాక్టరు నిజంగా చెప్పినాడా?"

సారమ్మ చింతకాయ వంకే చూసింది. "చెప్పినట్టే ఉండాది."

"నెలకు పద్నాలుగు రూపాయలు. మిషను చెప్తాండాది."

"దానికేం పనీ పాటా లేదు," అంది సారమ్మ. చేతిలో కాయ కింద పెట్టి గొంతు తగ్గించింది. "పోయిన నెల మొదటి నుంచి మింగలేదమ్మీ. నీ ఫీజుకు నేనేమిచ్చేది? నా చేతిలో ఏముండాది? ఇదొక్కటే కనపడె."

గ్రేసుకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తను తిట్టింది, తిడుతూనే పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తింది. మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు చూసి, ఇంకో నెల ఇట్లాగే ఉంటే మనిషి మంచాన పడేదని చెప్పి మూడు రోజులు ఉంచుకున్నాడు. సూదులు, పరీక్షలు, ఆటో, మాత్రలు అన్నీ పోగా డబ్బాలో నలభై రూపాయలు మిగిలాయి.

ఫీజు సంగతి గ్రేసు మళ్లీ ఎత్తలేదు. యోహాను అడిగితే, "వచ్చే యేడు చూస్తాం లే," అంది. వచ్చే ఏడు లేదని ఆమెకు తెలుసు. మే నెల కాగితంలో అడుగున తను గీసుకున్న ట్రైనింగు గడిని పెన్సిలుతో కొట్టేసి, ఎవరూ చూడకముందే మడిచి బైబిలు కింద పెట్టింది.

జూన్ మొదటి శనివారం కొళాయి దగ్గర వరస పెద్దదిగా ఉండి గ్రేసు రావడం ఆలస్యమైంది. సాయం చేద్దామని యోహానే కాగితం ముందేసుకున్నాడు. చేత్తో ఐదు వందల ముప్పై ఎనిమిది. మిషను తొమ్మిది వందల ముప్పై ఎనిమిది. మీటలు తుడిచి మళ్లీ నొక్కాడు. నాలుగు వందలు అట్లాగే నిలబడి ఉన్నాయి.

తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సైకిలు అమ్మేస్తానమ్మా," అన్నాడు యోహాను. "గోడౌనులో ఒకాయన మూడు వందల అరవై ఇస్తానన్నాడు." మనసు గట్టిచేసుకుని, సైకిలు డబ్బు రాబడిలో, ఫీజు నాలుగు వందలూ ఖర్చులో రాసి కూడాడు. చేత్తో తొమ్మిది వందల ముప్పై ఎనిమిది, మిషనులో ముప్పై ఎక్కువ. రోజూ ఆరు మైళ్లు నడవబోయే ఆయన కాళ్ల ఖరీదు అది. సారమ్మ కాగితం లాక్కుని సైకిలు మాట కొట్టేసింది.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆవిడ నేరుగా సంఘం పెద్ద ఏలియా బల్ల దగ్గరకెళ్లి నిలబడింది. భూస్థాపన నిధి పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. చచ్చిపోయాక పెట్టెకూ గుంతకూ ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని సంఘంలో ముసలివాళ్లంతా నెలకు రెండు రూపాయలు కట్టేవాళ్లు. సారమ్మ పదిహేడేళ్లుగా కడుతోంది.

"నాలుగు వందల ఎనిమిది ఉండాది," అన్నాడు ఏలియా అద్దాలు సరిచేసుకుని. "ఎందుకు సారమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది కాబట్టే అడుగుతుండా. వెనక్కి ఇచ్చేయప్పా."

"ఇచ్చేస్తే రేపు నీ పెట్టె ఎట్లమ్మా? నాలుగు పలకలన్నా కావద్దా?"

"నీ నిధిలో వచ్చేది మామిడి చెక్క. అప్పటికి నా కోడలు టీచరమ్మ అయ్యుంటాది, టేకుది చేయిస్తాది. మాత్రలు మింగుతాండా, నాకిప్పుడేం తొందర లేదు. వేలిముద్ర ఎక్కడ?"

వెనక నిలబడిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఏలియా సిరా డబ్బా ముందుకు జరిపాడు.

సారమ్మ డబ్బు తెచ్చి పీట మీద పెడితే గ్రేసు ముట్టుకోలేదు. "వద్దత్తా. ఇది నీ ఆఖరి దినానికని దాచుకున్నది. తీసుకుంటే నాకు పాపం తగుల్తాది."

"పాపమో కాదో నన్నెందుకు అడిగేది? దాన్నే అడుగు," అంది సారమ్మ, రుమాల్లో ఉన్న మిషనును గడ్డంతో చూపించి.

గ్రేసు పెన్సిలు తీసుకుంది. రాబడిలో నాలుగు వందల ఎనిమిది రాసింది. ఖర్చులో ఫీజు నాలుగు వందలు రాసింది. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చేత్తో కూడింది. తొమ్మిది వందల ముప్పై ఎనిమిది. అత్త దిగులు ఎంతో కొంత పైన తేలుతుందని, అది చూపించి డబ్బు వెనక్కి పంపాలని అనుకుంటూ, మిషను మీద ఒక్కో అంకే నొక్కింది. యోహాను వంగి చూశాడు.

తొమ్మిది వందల ముప్పై ఎనిమిది.

మళ్లీ నొక్కింది. ఒక్క పైసా ఎక్కువ లేదు.

"చూసినావా," అంది సారమ్మ. "నేనేమీ మానుకోలేదు."

గ్రేసు కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చింది. సారమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఏడవనిచ్చింది. సోమవారం పొద్దున ఏడున్నర బండికి గ్రేసు ఫీజు కట్టడానికి సిటీకి వెళ్లింది.