వంటింటి నేల

“వంటింటికెందుకురా అది? అక్కడ పొయ్యి ఉందిగా!” అంది అత్తగారు.

ఆ మాట వినపడేసరికి ఇన్‌జా వంటింటి నేలమీదే కూర్చుని మేస్త్రికీ అతని మనుషులకీ ముల్లంగి తరుగుతోంది. బయట అరుగుమీద బే అనే మేస్త్రి రెండు ముక్కలు పెట్టాడు. ఒకటి తెల్ల థర్మాకోల్, రెండోది గులాబీ రంగు గట్టి పలక. పాత నేల తవ్వి, చలికాలం గదుల్ని వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టాలు నేల కింద కొత్తగా వెయ్యబోతున్నారు. గొట్టాల కింద ఏది పరవాలన్నది తేలాలి. తెల్లది చవకే కానీ పైన సిమెంటు పడితే కుంగి నేల పగులుతుందనీ, గట్టిది వేస్తే వేడి మట్టిలోకి ఇంకిపోకుండా పైకే వస్తుందనీ మేస్త్రి చెప్పాడు.

ఇన్‌జా మొగుడు క్యుసొక్ రెండింటినీ బొటనవేలితో నొక్కి చూశాడు. “అమ్మ గదికి గట్టిదే వెయ్యి. తమ్ముడి గదికీ గట్టిదే. సియోల్‌లో ఉండేవాళ్ళు మన జెచన్ ఊరి చలికి ఆగలేరు. వంటింట్లో గొట్టాల కింద ఉత్త పాలిథిన్ పట్టా పరిచెయ్. తెసిక్ అమ్మ ఓ చోట కుదురుగా కూర్చుంటేగా చలెయ్యడానికి!” అని నవ్వాడు. డబ్బిచ్చేవాడి హాస్యం కాబట్టి మేస్త్రి కూడా నవ్వాడు.

కుదురుగా కూర్చోకపోవడమా! చలికాలం కిమ్చీ పచ్చడికి కుప్పలుగా పోసిన క్యాబేజీల మధ్య, ఉప్పునీళ్ళల్లో చేతులు పెట్టుకుని, పొద్దుటినుంచి చీకటి పడేదాకా ఆమె కూర్చున్నది ఈ నేలమీదే. పెద్ద కోడలు కాబట్టి మామగారి తద్దినానికి అట్లు వేసేదీ ఈ నేలమీదే. మగవాళ్ళు వెచ్చటి గదిలో కాళ్ళు చాపుకుని “వదినా, ఇంకో నాలుగు వేడివేడిగా” అని కేకేస్తారు. తోటికోడలు అన్నీ అయిపోయాక కారు దిగి “అయ్యో అక్కా, నేనేం చెయ్యను?” అంటుంది. ఓసారి మోకాళ్ళు పీకేస్తున్నాయంటే, మేజోళ్ళు రెండు జతలు వేసుకోమన్నాడు మొగుడు. పోనీ రాత్రయినా నడుం వాల్చేది వెచ్చటి చోటా అంటే అదీ లేదు. మొగుడికి ముందుగదిలో టీవీ ముందు పక్క. గొట్టం మొదలయ్యే వేడి మూల అత్తగారిది. ఆవిడ గదిలోనే, వేడి చేరేలోపు చల్లారిపోయే గుమ్మం పక్కన ఇన్‌జా చాప. అత్తగారు దగ్గినా లేవాలి, దాహమన్నా లేవాలి. మరిది గది మటుకు ఏడాది పొడుగునా ఖాళీ. రెండు పండగలకి వచ్చే మనుషుల కోసం ఆమే వారం వారం దాన్ని తుడుస్తుంది.

పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది తక్కువ. ఈసారి మాత్రం పట్టు వదల్లేదు. మొగుడికి సూప్ పోస్తూ అడిగింది, బట్టలు మడతపెడుతూ అడిగింది. “నీకీ మధ్య నోరు ఎక్కువైంది,” అన్నాడతను. అయినా అడిగింది. ఊళ్ళో లేని కొడుకు తెసిక్‌తో కూడా ఫోన్లో చెప్పించింది.

పలకలు పరిచే రోజు వచ్చింది. అందరూ నిలబడి ఉండగా క్యుసొక్ గొంతు సవరించుకున్నాడు. “మేస్త్రీ, వంటింట్లో కూడా గట్టిదే వెయ్యి. ఆవిడ బతుకంతా అక్కడేగా, పాపం!”

“నా కొడుకు మనసు వెన్నే!” అని మురిసిపోయింది అత్తగారు. “ఇంకేమే ఇన్‌జా, నీ పంట పండింది. పక్క కూడా వంటింట్లోనే వేసుకో. తెల్లారగట్ట సూప్‌కి లేస్తూ నా నిద్ర చెడగొట్టక్కర్లేదు. మధ్య తలుపు తీసుంచితే నేను పిలిచినా వినిపిస్తుంది.”

“అవునమ్మా. చిన్న టీవీ ఒకటి పెట్టించేస్తా. ఇంక బయటికి రావలసిన పనే ఉండదు,” అన్నాడు క్యుసొక్.

ఇన్‌జా థాంక్స్ చెప్పింది. అలవాటైన నోరు, దానంతట అదే అనేసింది. అన్న తర్వాత గానీ వాళ్ళ మాటలు బుర్రకెక్కలేదు. ఆమె అడిగింది చలి తగ్గించమని. వాళ్ళు ఆ వంటింట్లోనే పక్క వేసి, పిలుపు వినపడేలా తలుపు తీసి పెడుతున్నారు. వాళ్ళమీద కంటే తనమీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. ఇన్నాళ్ళు పోరి, దెప్పించుకుని, ఆమె అడిగింది కూడా వంటిల్లే! ఇంట్లో ఇంకో గది ఉందన్న సంగతి ఆమెకే తట్టలేదు. ఏడుపొచ్చింది కానీ, అక్కడ నిలబడి ఏడిస్తే సంతోషంతో ఏడుస్తోందనుకుంటారని మింగేసింది.

క్యుసొక్ తల్లిని సూదుల వైద్యానికి తీసుకెళ్ళాడు. కారు మలుపు తిరిగింది.

“వంటింట్లో మొదలెట్టనా అక్కా?” అన్నాడు మేస్త్రి.

“వద్దు. ముందనుకున్నట్టే అక్కడ పట్టా వేసెయ్యండి.”

“అదేంటక్కా! అంత పోరి సాధించుకుని?”

“చల్లగా ఉంటేనే పనయ్యాక అక్కణ్ణుంచి లేచి వస్తాను. ఆ పలకలు మా మరిది గదిలో, అక్కడి పలకల మీదే రెండో వరసగా వేసెయ్యండి.”

“పండక్కొచ్చే వాళ్ళకి రెండు వరసలా?”

“వాళ్ళకి కాదు. అందులో ఉండేది నేను.”

మేస్త్రి చేతిలో పలక కింద పెట్టాడు. పక్కవాడి మొహం చూశాడు. “అన్నగారికి ఓ మాట ఫోన్ చేసి అడుగుతానక్కా. తర్వాత నన్నంటారు.”

“చెయ్యండి. ఇదే మాట చెప్పండి,” అంది ఇన్‌జా. నేల తవ్వేసి, పనివాళ్ళంతా బూట్లతో తిరుగుతున్న ఆ మరిది గది ముందు ఆగి, చెప్పులు విప్పి గడప బయట సర్దిపెట్టి, లోపలికి అడుగుపెట్టింది.