మూలక్క చేతులు దించిన సాయంత్రం

సాయంత్రం ఏడు గంటల వార్తలకి పావుగంట ముందు మూలక్క చేతులు కడుక్కునేది. గోరువెచ్చని నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ విడిగా తుడుచుకుని, ఉంగరం తీసి పర్సులో వేసుకునేది. తర్వాత నల్లకోటు తొడుక్కుని స్టూడియో పక్కనున్న చిన్నగదిలో స్టూలెక్కి కూర్చునేది. ఎదురుగా ఒక కెమెరా, నెత్తిమీద ఒక దీపం, చెవిలో వార్తలు వినపడే బుడిపె. అంతే ఆమె ఆఫీసు. టీవీలో కుడివైపు కింది మూల, అగ్గిపెట్టెంత గడిలో కనిపిస్తూ, చెవులు వినపడని వాళ్లకి వార్తలు సైగల్లో చెప్పడం ఆమె ఉద్యోగం. మూలన కనపడుతుంది కాబట్టి మూలక్క అయింది. పదకొండేళ్లుగా అదే పిలుపు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా నోరారా అక్కా అనే అనేవాళ్లు.

సైగల భాష ఆమె ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వాడితో పోట్లాడ్డానికి నేర్చుకుంది.

ఆ స్టూలు మీద కూర్చుంటే ఇళ్లు కనపడతాయి. వార్తలు చూస్తున్న వాళ్ల ఇళ్లన్నీ, రైల్లోంచి చూసే ఊళ్లోని కిటికీల్లా, కెమెరా అద్దంలో వరసగా వెలుగుతుంటాయి. ఆమెకి ముందు పనిచేసినాయనకీ కనపడేవి. పని అప్పగించే రోజున ఆయన చెప్పినవి రెండే మాటలు. "దీపం కళ్లల్లో కొడుతుందమ్మా, కాస్త అలవాటు పడాలి. ఇళ్లల్లో చూసింది బయట అనకూడదు." చూసేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. కొందరు వార్తల ముందు తల దువ్వుకుని కూర్చునేవాళ్లు. కొత్తగా పెళ్లయినవాళ్లు అసలు వార్తలే పెట్టేవాళ్లు కాదు.

రెండేళ్లుగా ఆ కిటికీలు ఆరిపోతున్నాయి.

దానికి కారణం ఇద్దరు తోడల్లుళ్లు. ఒకే మామగారి కూతుళ్లని చేసుకుని, ఒకే పార్టీలో పెరిగి, ఇప్పుడు చెరో పార్టీ పెట్టుకున్న నాయకులు. ఛానెల్లో వాళ్లని పెద్దల్లుడు, చిన్నల్లుడు అనేవాళ్లు. మామగారి డెబ్బయ్యో పుట్టినరోజున ఫొటో తీస్తుంటే పెద్దల్లుడు తన భుజం మీద చెయ్యి వెయ్యలేదని చిన్నల్లుడు అలిగాడు. అక్కడ మొదలైంది. ఎవరు ఎవరి ఫోను ఎత్తలేదు, ఎవరి భార్య ఎవరి భార్యని చూసి ముఖం తిప్పుకుంది, ఎవరి కారు ఎవరి గేటు ముందు హారన్ కొట్టింది, ఇవే వార్తలు. మూలక్క ఇద్దరికీ రెండు సైగలు పెట్టుకుంది. మీసం మెలేస్తే పెద్దల్లుడు, కళ్లజోడు సర్దుకుంటే చిన్నల్లుడు. రోజుకి కనీసం వందసార్లు లేని మీసం మెలేసేది, లేని కళ్లజోడు సర్దుకునేది. ఇంటికెళ్లేసరికి మణికట్లు లాగేసేవి.

అరగంట వార్తల్లో మొదటి ఇరవై నిమిషాలు వాళ్లకే పోయేవి. మొదటి నిమిషంలోనే ఇళ్లల్లో ముఖాలు వేలాడిపోయేవి. ఒకాయన రిమోటు కోసం సోఫా అంతా తడుముకునేవాడు. ఒకావిడ టీవీకేసి చెయ్యి విదిల్చి లోపలికి వెళ్లిపోయేది. ఒకటొకటిగా కిటికీలు నల్లబడేవి. మూలక్క సొంత ఇంటి కిటికీ అన్నిటికంటే ముందు ఆరేది. తమ్ముడే ఆర్పేసేవాడు.

వార్తలయ్యాక డెస్క్ ఇన్‌ఛార్జి ఆ గది గుమ్మంలో నిలబడి రోజూ ఒకటే ప్రశ్న అడిగేవాడు. "ఎన్ని ఆరాయక్కా ఇవాళ?"

"చాలానే ఆరాయి సార్. ఆరని ఇళ్లల్లో కూడా చూడట్లేదు. టీవీ అలా వదిలేసి కూరలు తరుక్కుంటున్నారు."

"ఆన్‌లో ఉంది కదా. చాలు."

ఆయన చెడ్డవాడేం కాదు. పై అంతస్తు నుంచి ఏ కాగితం వస్తే అది చదివించడం ఇరవై ఏళ్లుగా ఆయనకి అలవాటు.

ఏం వచ్చినా ఆరని కిటికీ ఒకటుండేది. అది ఒక టైలరమ్మ గది. యాభై దాటిన మనిషి, వినపడదు. కుట్టుమిషన్ పక్కన ముక్కాలిపీట వేసుకుని, టీవీకి ఎదురుగా కూర్చుని, బట్టల అంచులు కుట్టుకుంటూ మూలక్కని చూసేది. మీసం సైగ రాగానే తలదించేసుకునేది. నాలుగు కుట్లు వేసి తలెత్తేది, ఇంకా మీసమే ఉంటే మళ్లీ దించేసేది. ఆమె వెనకాల ఇస్త్రీ బల్ల, బల్లకి అవతల మంచం, మంచం మీద ఏడాదిన్నర మనవరాలు. కూతురు ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీకి పోతూ పిల్లని అప్పజెప్పి వెళ్లేది. మూలక్కకి వాళ్ల పేర్లు తెలీవు. పిల్ల బోర్లాపడిందీ, పాకిందీ, గోడ పట్టుకుని నిలబడిందీ మాత్రం అన్నీ తెలుసు.

ఆ రోజు పెద్దల్లుడు సమావేశం పెట్టాడు. భుజం మీద చెయ్యి ఎందుకు వెయ్యలేదో ఎట్టకేలకు చెప్తానన్నాడు. స్టూడియోలో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. ఇళ్లల్లో ఎవరి పనుల్లో వాళ్లున్నారు. మూలక్క మీసం మెలేసి మొదలుపెట్టింది.

టైలరమ్మకి రెండ్రోజులుగా పడిశం. ముక్కు తుడుచుకుంటూ కుడుతోంది. ఆమె వెనకాల, ఇస్త్రీ బల్ల మీద, పెట్టె ఒక చొక్కా మీద బోర్లా పడుకుని ఉంది. స్విచ్చి మీది ఎర్రదీపం వెలుగుతోంది. మూలక్క చూస్తుండగానే పెట్టె అంచున సన్నటి పొగ లేచింది. చొక్కా కింద బట్టల కుప్ప. ఆ కుప్పలోంచి ఒక చీర కొంగు మంచం దాకా వేలాడుతోంది.

ముక్కు పనిచెయ్యట్లేదు, చెవి ఎలాగూ లేదు. తనే చెప్పాలి.

"వెనకాల చూడండి!" అని సైగ చేసింది మూలక్క. టైలరమ్మ తలెత్తలేదు. మీసం సైగ అయి ఇంకా అరనిమిషం కాలేదు కాబట్టి ఆమె అప్పుడే తలెత్తదు. "మంట! వెనకాల మంట!" అని చేతులు బార్లా చాపి మళ్లీ చెప్పింది. సూది పైకి, సూది కిందికి. పొగ నల్లబడింది.

వినపడని మనిషిని పిలవాలంటే పేరు పెట్టి అరిచి లాభం లేదు, దీపం ఆర్పి వెలిగించాలి. తమ్ముణ్ణి అన్నానికి పిలిచేది అలాగే. మూలక్క స్టూలు దిగి గోడ దగ్గరికి పరిగెత్తి తన నెత్తిమీది దీపం స్విచ్చి నొక్కింది. ఆర్పి వెలిగించింది, ఆర్పి వెలిగించింది, అలా ఆరేడుసార్లు. చెవిలో ఎవరో "అక్కా, ఏమైంది, కూర్చో!" అని అరుస్తున్నారు. ఆమె చెవిలో బుడిపె పీకేసింది.

టీవీ మూల మిణుకుమిణుకుమనేసరికి టైలరమ్మ తలెత్తింది.

"ఇస్త్రీ పెట్టె అమ్మా! మీ వెనకాల! పిల్ల!" అని మూలక్క కెమెరా ముందుకి ఉరికి సైగ చేసింది.

టైలరమ్మ వెనక్కి తిరిగింది. అప్పటికే కుప్ప అంటుకుంది. ఒక్క గెంతులో మంచం చేరి పిల్లని చంకనెత్తుకుంది, ప్లగ్గు పీకేసింది, మూలనున్న బకెట్ నీళ్లు కుప్ప మీద గుమ్మరించింది. గది నిండా ఆవిరి కమ్మింది. ఆవిరి విడేదాకా మూలక్క కెమెరా అద్దం మీంచి కళ్లు తియ్యలేదు. విడ్డాక చూస్తే, ఆమె నేల మీద చతికిలబడి, గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్ల వీపు నిమురుతోంది.

ఆ సాయంత్రం వార్తలు చూస్తున్న వినపడని వాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. ఒకాయనకి పాలు పొంగిపోవడం కనపడింది. ఒకావిడకి వీధి తలుపు బార్లా తెరిచి ఉండటం కనపడింది. ఒక ముసలాయన వెనక్కి తిరిగేసరికి, అప్పుడే గుమ్మంలోకి వస్తున్న భార్య ఎదురైంది. తనకోసమే తిరిగాడనుకుని ఆవిడ మురిసిపోయింది.

పెద్దల్లుడు చెయ్యి ఎందుకు వెయ్యలేదో మాత్రం సైగల్లో ఎవరికీ అందలేదు.

మర్నాడు పొద్దున్నే మొదలైంది రభస. తమ నాయకుడు మాట్లాడుతుంటే దీపం ఆర్పడం చిన్నల్లుడి కుట్ర అని పెద్దల్లుడి వాళ్లన్నారు. "వెనకాల మంట" అన్నది తమ నాయకుణ్ణి ఎత్తిపొడవడానికే, ఆవిడ పెద్దల్లుడి మనిషి అని చిన్నల్లుడి వాళ్లన్నారు. ఛానెల్ వాళ్లు నలుగుర్ని కూర్చోబెట్టి మూడ్రోజులు చర్చ నడిపారు. ఆ చర్చని సైగల్లో చెప్పింది కూడా మూలక్కే. "ఆవిడ ఎవరి మనిషి?" అని వాళ్లు అడిగినప్పుడల్లా తన వేలు తన గుండె మీదే పెట్టుకోవలసి వచ్చింది. కిటికీలు ఇంతకుముందు ఎన్నడూ లేనంత తొందరగా ఆరిపోయాయి.

మూడో రోజు ఇన్‌ఛార్జి ఒక కాగితం తెచ్చాడు. సాంకేతిక లోపం వల్ల, మతిమరుపు వల్ల అలా జరిగిందని, ఇరువర్గాల నాయకులకీ క్షమాపణలని అందులో రాసి ఉంది.

"రేపు వార్తల చివర ఇది చెప్పెయ్యి అక్కా. రెండు నిమిషాల పని. చెప్పకపోతే పైవాళ్లు వేరే అమ్మాయిని చూస్తామంటున్నారు."

"మనుషులు కాలిపోయేవాళ్లు సార్."

"నాకు తెలీదా? కాగితం నేను రాసింది కాదు."

ఇంట్లో తమ్ముడికి చూపించింది. వాడు పుస్తకాలకి అట్టలు కట్టే పనివాడు. ఏ కాగితమైనా ముందు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. అలాగే నలిపి, చదివి, "ఎవరికి క్షమాపణ? కాలనందుకా?" అని సైగ చేశాడు. తర్వాత ఆమె పేరున వచ్చిన ఒక కార్డు చేతికిచ్చాడు. టైలరమ్మ రాసింది. అడ్రసు రాసి, కింద ఒక్క ముక్క. "వీలుంటే రండి."

మర్నాడు మధ్యాహ్నం మూలక్క వెళ్లింది. ఇళ్లల్లో చూసింది బయట అనకూడదన్నారు గానీ, పిలిస్తే వెళ్లకూడదని ఎవరూ అనలేదు. తలుపు తియ్యగానే టైలరమ్మ ఆమెని కిందనించి పైదాకా చూసి, "మీకు కాళ్లు కూడా ఉన్నాయే!" అంది సైగల్లో. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ టైలరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకి ఒత్తుకుంది. కాసేపు ఎవరికీ మాట్లాడటానికి చేతులు ఖాళీ లేవు.

ఆ గదిలో మూలక్కకి తెలియనిది ఒక్కటే, టీవీ ఉన్న గోడ. ఇన్నేళ్లూ తను ఆ గోడలోంచే చూసింది. ఇప్పుడు తిరిగి చూస్తే, టీవీ తెర మొత్తం కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం అంటించి ఉంది. కుడివైపు కింది మూలన మాత్రం అగ్గిపెట్టెంత గడి, అంచులు నీటుగా కత్తిరించి ఉన్నాయి.

"వాళ్ల ముఖాలు చూడలేక అంటించేశాను," అంది టైలరమ్మ. "పగలంతా నాతో మాట్లాడే దిక్కు లేదు. అమ్మాయి పొద్దున వచ్చి నిద్రపోతుంది. మీ చేతులు చూస్తే ఎవరో ఇంటికొచ్చి కూర్చున్నట్టుంటుంది. మీరు కూడా ఆ మీసమే మెలేస్తుంటే మాత్రం తలదించుకుంటాను. ఎప్పుడు అయిపోతుందో తెలియదు చూడండి, అదే ప్రాణం తీస్తుంది."

ఇంతలో పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, మూలక్కని గుర్తుపట్టి, బుల్లి వేళ్లతో పై పెదవి మీద మెలేసింది. టైలరమ్మ సిగ్గుపడిపోయింది.

"దానికి వచ్చిన మొదటి మాట ఇదేనండీ. అమ్మమ్మ అని ఎంత నేర్పినా రాలేదు. ఇది వచ్చింది."

మూలక్క నవ్వబోయి నవ్వలేకపోయింది. పిల్ల ఆమె మెచ్చుకోలు కోసం ఇంకోసారి మెలేసి చూపించింది.

ఆ సాయంత్రం మూలక్క ఎప్పటిలాగే చేతులు కడుక్కుని స్టూలెక్కింది. క్షమాపణ కాగితం కెమెరా కింద అతికించి ఉంది. గాజు గోడ అవతల ఇన్‌ఛార్జి నిలబడి ఉన్నాడు. వార్తలు మొదలయ్యాయి. చిన్నల్లుడి ఇంటి నుంచి లైవ్. మూలక్క చేతులెత్తి, నెమ్మదిగా, స్పష్టంగా ఇలా చెప్పింది:

"వాళ్లిద్దరి గొడవే. కొత్తదేం లేదు. మీ పనులు చూసుకోండి. అయిపోగానే దీపంతో పిలుస్తాను."

చెప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

చెవిలో బుడిపె గోల పెడుతోంది. ఆమె కదల్లేదు. వినపడని వాళ్ల ఇళ్లల్లో మనుషులు లేచారు, టీవీ ఆర్పకుండానే లేచారు. ఒకాయన పిల్లాడి లెక్కల పుస్తకం తీశాడు. ఒకావిడ మొక్కలకి నీళ్లు పోసింది. వినపడేవాళ్లు ముందు అయోమయంగా మూలకేసి చూశారు. మంగలి షాపులో కత్తెర ఆగింది. టీవీ గొంతు తగ్గించి, ఒళ్లో పెట్టుకున్న ఆ చేతులనే చూస్తూ వాళ్లు కూడా పనుల్లో పడ్డారు. మూలక్క వేళ్లు రెండేళ్లలో మొదటిసారి నొప్పి లేకుండా ఉన్నాయి.

ఇరవయ్యో నిమిషంలో యాంకరు, వదిలించుకుంటున్నట్టు గబగబా చదివాడు. తూర్పు వీధులకి రేపు ఉదయం నుంచి రెండ్రోజులు నీళ్లు రావు, పైపులు మారుస్తున్నారు.

మూలక్క లేచి దీపం ఆర్పి వెలిగించింది. వరసగా అన్ని కిటికీల్లోనూ తలలు లేచాయి. ఆమె వీధుల పేర్లు ఒక్కొక్కటే వేళ్లతో రాసి చూపించింది. ఇళ్లల్లో బిందెలు, బకెట్లు, గిన్నెలు కుళాయిల కిందికి చేరాయి.

వార్తలయ్యాక ఇన్‌ఛార్జి గుమ్మంలోకి వచ్చాడు. కెమెరా కింద నుంచి ఆ కాగితం ఊడదీసి చేత్తో పట్టుకున్నాడు. మెడ ఎర్రబడి ఉంది. అయినా నోట్లోంచి అలవాటైన ప్రశ్నే వచ్చింది.

"ఎన్ని ఆరాయి?"

"ఒక్కటీ ఆరలేదు సార్."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

పై అంతస్తు నుంచి ఫోన్ మోగింది, మోగి మోగి ఆగింది.

"దేనికి తలెత్తారు?"

"నీళ్లకి సార్."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కాగితాన్ని వెనక్కి తిప్పి గోడకి ఆనించి, మర్నాటి వార్తల వరస రాయడం మొదలుపెట్టాడు. మొదట 'నీళ్లు' అని రాశాడు. రెండోది ఏం పెట్టాలో తెలియక మూలక్కకేసి చూశాడు. ఆమె ఉంగరం వేలికి తొడుక్కుని, స్టూలు ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి సార్," అంది. "మీరూ ఒకసారి చూడండి."