లక్ష దెబ్బల దిమ్మె

మనిషి ఊరికే ఉన్నప్పుడు తన రెండు చేతులనూ ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నకు నాగరికత ఇంతవరకూ సంతృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయింది. వెనక్కి కట్టుకుంటే తనిఖీకి వచ్చినవాడిలా ఉంటాడు; ముందుకు కట్టుకుంటే తనిఖీలో దొరికినవాడిలా ఉంటాడు. మట్టి పరీక్షల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియను మూడో మార్గం కనిపెట్టాడు: దగ్గరున్న వస్తువు ఏదైనా సరే, దాని మీద అరచెయ్యి ఆనించేవాడు. మట్టిని రెండు వేళ్ళతో నలిపి తేమ ఎంతుందో చెప్పగలడు కనుక తోటివారు అతన్ని నాడివైద్యుడు అనేవారు. వాళ్ళు వేళాకోళానికి ఇచ్చిన ఆ బిరుదును అతను తామ్రశాసనంగా స్వీకరించాడు.

ఇప్పుడతని చేతిలో ఉన్న రోగి, రోడ్ల పునాదికి వాడే కంకరమట్టితో చేసిన జానెడు దిమ్మె. రబ్బరు తొడుగులో, గాజులాంటి గొట్టంలో కొలువుదీరి ఉంది. అది తడిసి ముద్దయిన మట్టీ కాదు, ఎండి పొడైన మట్టీ కాదు; రేణువుల సందుల్లో నీరూ గాలీ ఉమ్మడి కాపురం చేస్తుంటాయి. ఆ కాపురం కుదుటపడడానికే ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఆపైన ఒక ఇనుపకడ్డీ, లారీ చక్రం దాటినట్టుగా, సెకనుకొకటి చొప్పున లక్ష దెబ్బలు వేస్తుంది. దిమ్మె ఎంత కుంగిందో ఒక ముల్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, తెర మీద గీత గీస్తుంది; మట్టి కుంగేకొద్దీ గీత పైకి లేస్తుంది. ఆ గీత ఎర్రగీతను దాటిందా, మట్టి కూలిపోయిందని తీర్మానించి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

అలా మూడు దిమ్మెలు ఆగిపోయాయి. ఒకటి యాభై ఎనిమిది వేల దగ్గర, ఒకటి అరవై నాలుగు వేల దగ్గర, ఒకటి డెబ్భై ఒక్క వేల దగ్గర.

"నాలుగోదీ ఆగితే మీరు కంకర జల్లెడ షెడ్డుకి వెళ్ళిపోండి. చెడిపోవడానికి అక్కడ యంత్రాలుండవు," అన్నాడు ప్రయోగశాల పెద్దసారు. నాడి చూసే చేతికి జల్లెడ! ఆ మాట విన్ననాటి నుంచీ నాడివైద్యుడికి కంటి మీద కునుకు లేదు.

నాలుగో దిమ్మెకు దెబ్బలు మొదలైన రెండో రోజు ఉదయం ఎనిమిదింటికి లెక్క డెబ్భై తొమ్మిది వేలు దాటింది. అతను కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు. తెర ముందు కూర్చున్న కంప్యూటరు ఆపరేటరు స్వయానా అతని భార్య తమ్ముడు.

"కూర్చో బావా. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"తేమ జారిపోతోందేమోరా. లోపలేదో తేడాగా ఉంది."

"లోపలంటే దిమ్మెలోనా, నీ పొట్టలోనా? నిన్నట్నుంచి మీ బావ ఏమైనా తిన్నాడా అని అక్క మూడుసార్లు ఫోన్ చేసింది."

నాడివైద్యుడు యంత్రం దగ్గరికి వెళ్ళి, దాని నిలువు కమ్మీ మీద అరచెయ్యి మోపి, ఒళ్ళు దాని మీదికి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు.

తెర మీద గీత ఎగిరింది.

"బావా! చెయ్యి తియ్!"

ఉలిక్కిపడి తీశాడు. గీత ఎర్రగీత అంచు దాకా వెళ్ళి, మెల్లగా దిగి, తన దారిన పడింది. బావమరిది కుర్చీ ఇటు తిప్పాడు.

"కుంగిన మట్టి మళ్ళీ లేస్తుందా బావా?"

"చచ్చినా లేవదు."

"మరి ఇది లేచిందిగా. ముల్లు బిగించింది ఏ కమ్మీకో చూడు."

చూశాడు. ఇంతసేపూ తను ఒరిగిన కమ్మీకే.

"అయితే ఆ మూడూ..."

"మట్టి తప్పేం లేదు. నువ్వే చంపావు. నాడి చూసి మరీ చంపావు."

నాడివైద్యుడు స్టూలు మీద కూర్చుని, రెండు చేతులనూ తొడల కింద దోపుకున్నాడు. ఆరు గంటల తపస్సు. తపస్సు భంగం చెయ్యడానికి అప్సరసలెవరూ రాలేదు. ముక్కు మీద దురద వచ్చింది. దానికే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలు తనంతట తానే ఊగడం మొదలుపెట్టింది.

"మోకాలు కూడా ఆపు బావా. నేల అదురుతోంది."

"ఊపిరి పీల్చుకోనిస్తావా?"

"కొంచెం కొంచెంగా పీల్చు."

తొంభై తొమ్మిది వేల నాలుగొందల దగ్గర తలుపు తెరుచుకుంది. పెద్దసారు లోపలికొచ్చి, "ఎంతదాకా వచ్చిందండీ?" అంటూ అలవాటుగా కమ్మీ వైపు చెయ్యి చాచాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన ముందు 'అలాగే సార్' తప్ప మరో మాట ఎరగని నోరు గదంతా మారుమోగేలా అరిచింది.

"చెయ్యి! చెయ్యి తియ్యండి!"

పెద్దసారు పట్టుబడ్డ దొంగలా రెండు చేతులూ పైకెత్తాడు. బావమరిది గుసగుసగా సంగతి చెప్పాడు. ఆ తర్వాత పది నిమిషాలూ, ఒకరు చేతులెత్తి, ఒకరు చేతుల మీద కూర్చుని, ఒకరు చేతులు చంకల్లో పెట్టుకుని, ఆ ముగ్గురు పెద్దమనుషులూ ఒక జానెడు మట్టి ముందు శిలావిగ్రహాలై ఉండిపోయారు.

లక్ష. కడ్డీ ఆగింది. గీత ఎర్రగీతకు ఆమడదూరంలో ఉంది.

"జల్లెడ షెడ్డు మాట మరిచిపోండి," అన్నాడు పెద్దసారు, చేతులు దించుతూ. నాడివైద్యుడు తిమ్మిరెక్కిన చేతులతోనే దండం పెట్టబోయాడు. అవి సగం దాకానే లేచాయి.

నివేదిక నింపడానికి పెద్దసారు తన గదిలోని బీరువా తాళం తీసి, ఇంతవరకూ ఎవరికీ ఇవ్వని నిబంధనల పుస్తకం తెచ్చిచ్చాడు. బావమరిది ఒక్కో గడీ పైకి చదువుతూ నింపాడు. దిమ్మె ఎత్తు. తేమ శాతం. వెయ్యవలసిన దెబ్బల సంఖ్య. అక్కడ ఆగి, తలెత్తి బావ మొహంలోకి చూశాడు.

పెద్దసారు కిటికీ వైపు తిరిగాడు. "లక్ష అయితే వినడానికి నిండుగా ఉంటుందని నేనే అన్నాను లెండి."

పుస్తకంలో ఉన్నది ఇరవై వేలు.